గోదావరి డెల్టా శాసనసభ్యులకు బహిరంగ లేఖ: మా మురుగు కాలువ గురించి సభలో ఒక ప్రశ్న అడగండి

ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల శాసనసభ్యులకు, ఈ జిల్లాల నుంచి శాసనమండలికి వెళ్లిన సభ్యులకు నమస్కారాలు.

నేను కోనసీమ రైతుని. రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. మా ఊరి నీటి సంఘంలో కొన్నాళ్లు పనిచేశాను. మా చేల పక్క నుంచి పోయే మురుగు కాలువకు పూడిక తీయించమని ఐదేళ్లుగా అర్జీలు పెడుతున్నాం. వాటి రసీదులన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో దాచాను. జవాబు మాత్రం ఒక్కదానికీ లేదు. ఇంకో అర్జీ రాసేకంటే అందరూ చదివేలా ఈ లేఖ రాయడం మేలనిపించింది.

మీరు మా ఇళ్లలో పెళ్లిళ్లకు వస్తున్నారు, కష్టం వస్తే పలకరిస్తున్నారు, తుఫాను రాత్రి ఫోను ఎత్తుతున్నారు. అందుకు కృతజ్ఞులం. నేను అడగదలచుకున్నది మీరు శాసనసభలో చేయాల్సిన పని గురించి. అందులోనూ ఒక్క గంట గురించి, ప్రశ్నోత్తరాల సమయం గురించి.

2024 ఎన్నికల్లో ఉమ్మడి రెండు జిల్లాల్లోని 34 స్థానాలూ అధికార కూటమికే వచ్చాయి. జనం ఇచ్చిన తీర్పు అది, దాని మీద నాకు పేచీ లేదు. కానీ దానివల్ల ఏం జరిగిందో చూడండి. మా నుంచి సభకు వెళ్లిన వాళ్లలో ప్రతిపక్ష సభ్యుడు ఒక్కరూ లేరు. మీలో మంత్రులైనవారు ప్రశ్నలు అడగరు, జవాబులు చెబుతారు. ఇక మిగిలింది మీరు. మా కాలువ గురించి, మా ధాన్యం డబ్బు గురించి మీరు నోరు విప్పకపోతే ఆ సభలో మా తరఫున అడిగే గొంతే లేదు.

"మన ప్రభుత్వాన్ని మనమే ప్రశ్నిస్తే ఏం బాగుంటుందండీ" అని మీలో ఒకరి అనుచరుడు నాతో అన్నాడు. ఆయన మంచిగానే అన్నాడు గానీ, ఆ మాట సరికాదు. మంత్రివర్గం సమష్టిగా శాసనసభకు బాధ్యత వహించాలని రాజ్యాంగం 164వ అధికరణం రెండో క్లాజులో రాసి ఉంది. ప్రతిపక్షానికి బాధ్యత వహించాలని రాయలేదు. సభకు అని రాసింది. ఆ సభలో మీరూ ఉన్నారు. పార్టీ ఇచ్చిన ఓటు ఆదేశాన్ని (విప్) ధిక్కరించి ఓటు వేస్తే ఫిరాయింపుల చట్టం కింద పదవి పోవచ్చు. కాలువ పూడిక ఎప్పుడు తీస్తారని మంత్రిని అడిగినందుకు ఎవరి పదవీ పోదు.

ఫిరోజ్ గాంధీ సంగతి మీకు తెలియంది కాదు. కాంగ్రెస్ ఎంపీ, పైగా ప్రధాని నెహ్రూకి అల్లుడు. జీవిత బీమా సంస్థ సొమ్ము కోటి రూపాయలకు పైగా ముంద్రా అనే వ్యాపారి కంపెనీల వాటాల్లో పెట్టిన వ్యవహారాన్ని 1957లో లోక్‌సభలో బయటపెట్టింది ఆయనే. అది సొంత పార్టీ ప్రభుత్వం. ముందు ప్రశ్నలుగా మొదలైంది, తర్వాత చర్చకు వచ్చింది, ఆ తర్వాత జస్టిస్ చాగ్లా విచారణ దాకా పోయింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. దానివల్ల ప్రభుత్వం కూలిపోలేదు. బీమా కట్టిన సామాన్యుడి డబ్బు ఎటు పోయిందో దేశానికి తెలిసింది. మా అడుగు అంత పెద్దది కూడా కాదు. మాది ఒక కాలువ.

ఆ కాలువ గట్టు మీద నేను కళ్లారా చూసిందొకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక ఉదయం జీపు ఒకటి వచ్చి ఆగింది. ఇద్దరు దిగారు. చేతిలో టేపు, కొలకర్ర, ఒక ఫైలు. గుర్రపు డెక్క పక్కకు తోసి కర్ర దించారు. ఎక్కడ దించినా మోకాలి లోతు నీళ్లు, దాని కింద నడుం లోతు బురద. తూము దగ్గర ఫొటోలు తీశారు. ఆ డెక్క ఎన్నాళ్లనుంచి పేరుకుందో, ఏ ఊరి చేలు మునుగుతున్నాయో నన్నే అడిగి రాసుకున్నారు. మా అర్జీ చూసి వచ్చారా అండీ అని ఆశగా అడిగాను. "లేదండి, ఎల్‌ఏక్యూ వచ్చింది. రేపు సాయంత్రానికి రిపోర్టు పోవాలి" అన్నారు.

ఎల్‌ఏక్యూ అంటే శాసనసభ ప్రశ్న అని నాకు ఆ రోజే తెలిసింది. ఎవరో ఒక సభ్యుడు డెల్టా డ్రెయిన్ల మీద ప్రశ్న వేశారట. మూడేళ్ల అర్జీలు తీసుకురాలేని మనుషుల్ని నాలుగు లైన్ల ప్రశ్న రెండు రోజుల్లో మా గట్టు మీదికి తీసుకొచ్చింది. కింద అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) నుంచి పైన కార్యదర్శి దాకా అందరూ దాని మీద ఏదో ఒకటి రాసి సంతకం పెట్టాల్సిందే. చివర్లో మంత్రి లేచి చదవాల్సిందే. అర్జీకి ఆ బలం లేదు. అర్జీ ఒక బల్ల మీద ఆగిపోతే అడిగేవాడుండడు.

తీరా ఆ ప్రశ్న సభకు వచ్చిన రోజు ఏమైందో తెలుసా? గొడవ. నినాదాలు, కాగితాలు చింపడం, వాయిదా. జవాబు సభ ముందు ఉంచినట్టు భావించాలన్నారు. మంత్రి జవాబు విని సభ్యులు అక్కడికక్కడే అడిగే అనుబంధ ప్రశ్న ఒక్కటీ పడలేదు. ఆ రోజు కొలిచిన బురద ఇంకా అక్కడే ఉంది. ఇప్పుడు ఇంకొంచెం పెరిగింది.

మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సిన ప్రశ్నని నక్షత్ర గుర్తు ప్రశ్న అంటారు. దానికి ప్రాణం అనుబంధ ప్రశ్నలోనే ఉందని నేను అనుకుంటున్నాను. అసలు ప్రశ్న ఒక మూసలో ఉంటుంది: "ఫలానా విషయం వాస్తవమేనా? అయినచో, ఆ వివరాలేవి?" జవాబులూ అంతే. "అవునండి." "లేదండి." "ప్రశ్న ఉత్పన్నం కాదు." "ప్రతిపాదన పరిశీలనలో ఉంది." "నిధుల లభ్యతను బట్టి చేపట్టబడును." ఈ మాటలు అధికారులు ముందే రాసిస్తారు. సభ్యుడు లేచి "అంచనా ఎంత? పాలనా అనుమతి ఏ తేదీన ఇచ్చారు? టెండరు ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరుకు పిలిచారు? బిల్లు ఎంత చెల్లించారు?" అని అడిగినప్పుడే అసలు సంగతి బయటికొస్తుంది. ఈ హక్కు ఊరికే రాలేదు. 1892 చట్టంతో మన దేశంలోని శాసనమండళ్లలో సభ్యులకు ప్రశ్న అడిగే హక్కు వచ్చింది. తెల్లదొరలు అప్పుడు అనుబంధ ప్రశ్నకు ఒప్పుకోలేదు. 1909లో అసలు ప్రశ్న అడిగిన సభ్యుడికి మాత్రమే ఇచ్చారు, 1919 చట్టంతో సభ్యులందరికీ వచ్చింది. పాతికేళ్లకు పైగా పట్టిన హక్కుని ఈనాడు "సభ ముందు ఉంచడమైనది" అనే ముక్కతో వదిలేసుకుంటున్నారు.

ప్రశ్న రాతపూర్వక జవాబుకు సరిపోతుందనుకుంటే నక్షత్ర గుర్తు లేకుండా అడగవచ్చు. అది కూడా మంచిదే, లెక్కలు చేతికొస్తాయి. ఏదీ అడగకపోవడమే మా బాధ.

మీరు అడగకపోతే మాకు జరిగేదేమిటో ఇక్కడ రాస్తున్నాను.

1. ముంపు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. గాలి తెల్లారేసరికి తగ్గింది. నీళ్లు మా చేలో ఏడు రోజులున్నాయి. గింజ ముదురుతున్న సార్వా (ఖరీఫ్ వరి) చేను చాపలా పడుకుంది. నేనూ నా భార్యా పడిన దుబ్బుల్ని నీళ్లలోంచి ఎత్తి, నాలుగైదు కలిపి కట్టలు కట్టాం. రెండో రోజుకి ఆవిడ కాలి వేళ్ల సందులు పాసిపోయి చెప్పులు వేసుకోలేకపోయింది. ఐదో రోజున ఒక కంకి తుంచి చూపించింది. గింజల్లోంచి తెల్లటి మొలకలు, గోరంత పొడవు. అక్కడితో కట్టలు కట్టడం మానేశాం. మామూలు కోత మిషను ఆ బురదలో దిగదు, చైన్ మిషనే కావాలి. గంటకి దాని అద్దె ఎక్కువ, పడిపోయిన చేనుకి గంటలూ ఎక్కువ. తుఫానుని ఏ మంత్రీ ఆపలేడు. కాలువ పారి ఉంటే ఆ నీళ్లు రెండు రోజుల్లో లాగేసేవి. ఐదు రోజుల నష్టం కాలువది, దాన్ని అడగకుండా వదిలేసిన వాళ్లది.

డ్రెయినుది జలవనరుల శాఖ. దాని మీది తూము రోడ్ల శాఖది. గట్టు ఆక్రమణ రెవెన్యూది. పక్కన చెరువు తవ్వితే మత్స్యశాఖ. రైతు వీళ్లలో ఎవరి దగ్గరికి వెళ్లినా పక్క ఆఫీసు పేరు చెబుతారు. సభలో మాత్రం ఈ తిప్పడం కుదరదు. జవాబు చెప్పేది ప్రభుత్వం.

2. ధాన్యం డబ్బు. 2025-26కి సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలు 2,369 రూపాయలు. మా 75 కిలోల బస్తా లెక్కలో 1,776 రూపాయల చిల్లర. తేమ 17 శాతం దాటితే ఆ ధర మాకు అందదు. తడిసిన గింజని రోడ్డు మీద ఆరబోసి, లారీ వచ్చినప్పుడల్లా పరదా లాగుతూ మూడు రోజులు కాపలా కాస్తాం. ఇక్కడ తేమ కొలిచే మిషను ఒక అంకె చూపిస్తుంది, మిల్లు దగ్గర మిషను ఇంకో అంకె చూపిస్తుంది. ఆ తేడాకి బస్తాకి ఇన్ని కిలోలని కోత. ఎన్ని మిల్లుల దగ్గర తేమ మిషన్లు తనిఖీ చేశారు, ఎంతమందికి ఎన్ని రోజుల్లో డబ్బు పడింది అని మండలం వారీగా ఒక్క ప్రశ్న అడిగితే చాలు, ఈ కోతలు సగం ఆగుతాయని నా నమ్మకం.

3. కౌలు రైతు. డెల్టాలో చేను చేసేవాడు ఒకడు, పట్టాలో పేరు ఇంకొకరిది. 2019 సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. కార్డు లేకపోతే నష్టపరిహారం యజమాని ఖాతాలో పడుతుంది, మునిగినవాడికి పడదు. నా మూడెకరాల సంగతీ అంతే. యజమాని మంచివాడు కాబట్టి తన ఖాతాలో పడినది తెచ్చి నా చేతిలో పెట్టాడు. మంచివాడు కానిచోట?

4. ఉప్పు. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిను వెంబడి కొబ్బరి తోటలు చూడండి. మురుగు సముద్రంలోకి పోవాల్సిన దారిలోనే సముద్రపు నీరు ఎగదన్నుతోంది. తలలు వాలిపోయిన చెట్లు వరసగా నిలబడి ఉన్నాయి. కొబ్బరి చెట్టు మా దగ్గర ఇంట్లో ఇంకో కొడుకు లాంటిది. వరి పోతే వచ్చే సార్వాకి చూసుకుందాం అనుకోవచ్చు, చెట్టు పోతే మనవడి తరానికి గానీ తేరుకోం.

5. పంట విరామం. 2011లో కోనసీమ రైతులు సార్వా మానేసి చేలు బీడు పెట్టారు. దేశమంతా మాట్లాడుకుంది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. నివేదిక వచ్చింది. 2022లో మళ్లీ అదే కోనసీమలో, అవే మురుగు కాలువల గోడుతో రైతులు పంట విరామం అన్నారు. అంతకు ముందు సంగతి చెప్పాలంటే, కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు పారుదల మీద మిత్ర కమిటీ 1960లలోనే కూర్చుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. చేనుకి నీరు పెట్టే ఏర్పాటు అప్పుడే జరిగింది, చేనులోంచి నీరు తీసే ఏర్పాటుకి ఇంకా కమిటీలే. చేలు బీడు పడితే ముందు పోయేది ఊడ్పుల కూలీ ఆడవాళ్ల పని. వాళ్లకి నష్టపరిహారం జాబితాలో చోటు కూడా ఉండదు.

ఈ నష్టాలకు కారణం మీరని నేను అనడం లేదు. వీటిని ఆపమని మంత్రిని నిలదీసే అధికారం మాకు లేదు, మీకుంది. అందుకని మా కోరికలు ఇవి.

1. సమావేశాలు జరిగిన ప్రతిసారీ మీలో ప్రతి ఒక్కరూ మురుగు కాలువల మీద గానీ, ధాన్యం చెల్లింపుల మీద గానీ కనీసం ఒక నక్షత్ర గుర్తు ప్రశ్నకు నోటీసు ఇవ్వాలి. 34 మందిలో మంత్రుల్ని తీసేసినా చాలామంది మిగులుతారు. అందరివీ ఎంపిక కాకపోవచ్చు, కొన్నైనా అవుతాయి.

2. ప్రశ్న వచ్చిన రోజు సభలో ఉండాలి. అనుబంధ ప్రశ్నలో పొగడ్త వద్దు. "ఈ కాలువ పని చేపట్టినందుకు మంత్రి గారికి ధన్యవాదాలు" అంటూ మొదలుపెట్టి "ఇంకొంచెం చొరవ చూపాలని కోరుతున్నాను" అని ముగించే ప్రశ్నలు ప్రసారంలో చాలా విన్నాం. అందులో అడిగిందేమీ ఉండదు. తేదీ, కిలోమీటరు, రూపాయి. ఈ మూడూ అడగండి.

3. "పరిశీలిస్తాం", "చేపడతాం" అని మంత్రి అన్న ప్రతి మాటనీ ప్రభుత్వ హామీల కమిటీ దాకా తీసుకెళ్లండి. లోక్‌సభలో ఇలాంటి కమిటీ 1953 నుంచి ఉంది, అక్కడ హామీని మూడు నెలల్లో నెరవేర్చాలన్నది నియమం. మన శాసనసభలోనూ హామీల కమిటీ ఉంది. డెల్టా మీద ఇచ్చిన హామీల్లో నెరవేరినవేవో, నెరవేరనివేవో ఆ కమిటీ ముందు పెట్టించండి. ఈ కోరిక మాకు అన్నిటికంటే ముఖ్యం. ప్రశ్న ఒక్క రోజుది, హామీ వెంటపడాల్సింది ఏళ్ల తరబడి.

4. మిత్ర కమిటీ, మోహన్ కందా కమిటీ డెల్టాకు చేసిన సిఫారసుల్లో ఏది ఏ మేరకు అమలైందో ఒక పట్టికగా సభ ముందు పెట్టమని అడగండి.

5. ఆ గంట గొడవకు బలి కాకూడదు. ఇది అన్ని పార్టీలకూ చెబుతున్నాను. 2017లో అప్పటి ప్రతిపక్షం సభను బహిష్కరించింది. 2021లో అప్పటి ప్రతిపక్ష నాయకుడు ఇక రానని శపథం చేసి వెళ్లిపోయారు. 2024 తర్వాత ప్రతిపక్ష హోదా మీద వివాదం. ఎవరి కారణాలు వారికుంటాయి. ఆ రోజుల్లో మా కాలువ ప్రశ్న మాత్రం అనాథ అయింది. ప్రతిపక్షంలో ఉన్నవారూ సభకు రండి, అడగండి. మీరు అడిగితే మా సభ్యులకూ అడగక తప్పదు.

6. ఉపసభాపతి స్థానంలో ఉన్నది మన ఉండి శాసనసభ్యులే. లోక్‌సభ స్పీకరుగా 1998 నుంచి 2002లో కన్నుమూసేదాకా ఉన్న బాలయోగి గారు మన అమలాపురం ఎంపీ. యానాం, ఎదుర్లంక వారధి మీద ఆయన పేరు చదువుకుంటూనే గోదావరి దాటుతాం. సభ నడిపే కుర్చీ మనకు కొత్త కాదు. ప్రశ్నోత్తరాల సమయం పూర్తిగా సాగేలా, కింది స్థాయి సభ్యుడికీ అనుబంధ ప్రశ్నకు అవకాశం దక్కేలా చూడమని ఉపసభాపతి గారికి ప్రత్యేకంగా మనవి.

7. మంత్రి ఇచ్చిన జవాబు నకలు తెలుగులో మా గ్రామ సచివాలయం, రైతు సేవా కేంద్రం నోటీసు బోర్డుల మీద అంటించండి. అందులో రాసిన కిలోమీటర్లు కాలువ మీద ఉన్నాయో లేవో మేమే కొలిచి చూసుకుంటాం.

మండలి సభ్యులకూ ఇవే. తూర్పు–పశ్చిమ గోదావరి పట్టభద్రుల, ఉపాధ్యాయ నియోజకవర్గాల నుంచి వెళ్లినవారికి ఓటేసిన వాళ్లలో రైతు బిడ్డలే ఎక్కువ.

2005లో ప్రశ్నలు అడగడానికి డబ్బు తీసుకున్నారని 11 మంది ఎంపీల్ని పార్లమెంటు బహిష్కరించింది. ఆ వార్త చదివినప్పుడు అసహ్యం వేసింది. తర్వాత ఆలోచిస్తే అనిపించింది, సభలో ప్రశ్నకి ఎంత విలువ ఉంటే దాన్ని కొనేవాళ్లు తయారయ్యారు! డబ్బున్నవాడు దాని విలువ కనిపెట్టాడు. మేము డబ్బు ఇవ్వం, ఇవ్వలేం. ఓటు ఇప్పటికే ఇచ్చాం.

మీ పని తేలిక చేయడానికి ప్రశ్న ముసాయిదా మేమే రాశాం. మా నీటి సంఘం పాత సభ్యులు, ఇద్దరు రిటైరైన మాస్టార్లు కూర్చుని సరిచూశారు:

"అ) కోనసీమ జిల్లాలోని డ్రెయిన్లలో పూడిక, గుర్రపు డెక్క వలన 2025 అక్టోబరు తుఫాను సమయంలో వరి చేలు రోజుల తరబడి ముంపులో ఉన్న విషయం వాస్తవమేనా? ఆ) అయినచో, గత ఐదేళ్లలో డ్రెయిన్ల వారీగా పూడికతీతకు మంజూరైన, ఖర్చయిన మొత్తాలేవి? ఇ) పని ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు వరకు జరిగినది? ఈ) వచ్చే సార్వా ఊడ్పుల లోపు మిగిలిన పని పూర్తి చేసే ప్రతిపాదన ఉన్నదా, ఉన్నచో ఏ తేదీకి?"

వచ్చే సమావేశాల తేదీలు ప్రకటించిన మర్నాడే ఈ కాగితం పట్టుకుని మీ మీ కార్యాలయాలకు వస్తాం. దయచేసి అందినట్టు సంతకం చేసి తేదీ వేయించండి. ప్రశ్న నోటీసు ఇచ్చాక దాని నంబరు మాకు చెప్పండి. ఆ రోజు ఊరి రామాలయం అరుగు మీద టీవీ పెట్టుకుని అందరం చూస్తాం.

ఇట్లు,
మీ నియోజకవర్గ ఓటరు,
కోనసీమ కౌలు రైతు